చివరి పేజీలు లేని రోము

ఆ ఎండాకాలం రోమువాళ్లు మా ఇంట్లో దిగారు. మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నా ఉలులూ సుత్తులూ, వెనక గదిలో పొయ్యీ మంచమూ. చచ్చి రెండువేల ఏళ్లయినవాళ్లు కనుక వాళ్లకు పడుకోవడానికి చోటు అక్కర్లేదు. నా భార్య నోట్లో చోటు దొరికితే చాలు. అది దొరికింది.

నేను రాతిపని మేస్త్రిని. మూడో తరగతితో బడి వదిలాను. మాటలు తక్కువ. మా ఆవిడ నన్ను బెల్లం కొట్టిన రాయి అంటుంది. రాళ్లు కొట్టేవాడికి అంతకన్నా తగిన పేరు దొరకదని నవ్వుతుంది. అంతకుముందు రోము పేరు నేను విన్నది ఒక్క మాటలోనే. పని ఎందుకు ఆలస్యమైందని పైవాళ్లు కేకలేస్తే, రోము ఒక్క రోజులో కట్టారా అని మేస్త్రీలంతా అంటారు. నేనూ అనేవాణ్ణి. రోము అంటే ఏదో పెద్ద బంగళా అనుకునేవాణ్ణి. అది ఎవరు కట్టారో, ఎన్నాళ్లు పట్టిందో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఏడు మార్కెట్టు గేటు కమాను మళ్లీ కట్టే పని నాకు వచ్చింది. లారీ ఒకటి వెనక్కి వస్తూ గుద్దితే పాత కమాను రాళ్లు జారాయి, దించేయాల్సి వచ్చింది. ఇనుము లేకుండా వట్టి రాళ్లతో కమాను నిలబెట్టేవాళ్లలో ఆ చుట్టుపక్కల అప్పటికి నేనొక్కణ్ణే మిగిలాను. పదిహేను రాళ్లు. ఇటు ఏడు, అటు ఏడు, నెత్తిన ఒకటి. కింద చెక్కతో గుండ్రటి అచ్చు నిలబెట్టి, దాని మీద రెండు పక్కల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ పైకి వస్తాం. నెత్తి రాయి పడితే గాని మిగతా పద్నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకోవు. సున్నం గట్టిపడ్డాక అచ్చు తీసేస్తాం. ఆ రోజు తెలుస్తుంది మేస్త్రి ఎవరో.

గేటుకు సరిగ్గా ఎదురుగా టైలరు కొట్టు. ఆ వేసవే మా ఆవిడ అక్కడ పనికి కుదిరింది. కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, అంచులు మడవడం. వెలుతురు కోసం గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చునేది. నేను పరంజా మీద నిలబడితే ఆమె చేతులు కనిపించేవి, ఆమె వెనక టైలరు నోరు కనిపించేది. ఆ నోరు మూతపడగా నేను చూడలేదు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడేవాడు.

మాట్లాడేది రోము గురించి. కొలతల కాగితాలు కత్తిరించుకోవడానికి ఒకసారి చిత్తుకాగితాలు కట్టగా కొన్నాడట. అందులో అట్ట లేని లావుపాటి పుస్తకం ఒకటి వచ్చింది. చివరి నుంచి కత్తిరించడం మొదలుపెట్టి, ఓ యాభై పేజీలు కాలర్ల కిందా జేబుల కిందా పోయాక, మిషను పాడైన ఒక మధ్యాహ్నం మిగతాది చదివాడు. అంతే, పట్టుకున్నవాడు ఇక వదల్లేదు. పదేళ్లుగా అదే చదువుతున్నాడు. ఆ రాజ్యం ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో వేలి కొసల మీద చెప్తాడు. ఎలా పోయిందో మాత్రం తెలీదు. ఆ పేజీలు ఊళ్లోవాళ్ల కాలర్ల కొలతలై గోడకు మేకుకి వేలాడుతున్నాయి. ఇంకో పుస్తకం కొనుక్కోవచ్చుగా అని ఎవరో అంటే, ఎందుకు, నా వరకు అది ఇంకా ఉంది అన్నాడట.

ఊళ్లో ఏం జరిగినా అతనికి రోమే. రోడ్డు మీద గుంట పడితే రోము రోడ్లు. కుళాయి రాకపోతే రోము నీళ్లు. పెద్దమనిషి ఎవరైనా ఉపన్యాసం ఇస్తే రోము సభ. రోము తగలబడుతుంటే ఫిడేలు వాయించినట్టు అని పొరపాటున ఎవరైనా అంటే, కొలత టేపు మెళ్లో సర్దుకుని, అప్పటికి ఫిడేలు పుట్టనే లేదు కూర్చో చెప్తాను అనేవాడు. వచ్చినవాడు చొక్కా సంగతి మరిచిపోయి కూర్చునేవాడు.

మా ఆవిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునేది.

ఒక సాయంత్రం నేను తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. గోళ్ల సందుల్లో ఎర్రటి ఇటుకపొడి, ఎంత రుద్దినా పోదు. ఆమె చెంబుతో నీళ్లు పోస్తూ, నీకో సంగతి తెలుసా అంది. రోమువాళ్లు సున్నంలో ఇటుక దంచిన పొడి కలిపేవాళ్లట. నీళ్లు తగిలేచోట అది రాయిలా గట్టిపడేదట. వాళ్ల తెలివి చూడు అంది.

నేను నా చేతుల వంక చూసుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఆ పొడి మా ఇంట్లోకి మోసుకొస్తున్నాను. పక్క దుప్పటికి అంటిందని అదే పొడి గురించి ఆమె నన్ను ముప్పై ఏళ్లుగా తిడుతోంది. ఆ మాట అనొచ్చు. అనలేదు. ఆమె చెంబు దించి లోపలికి వెళ్లిపోయింది.

ఇంకో రోజు గోడమీది క్యాలెండరు చూసి, జూలై అనేది ఒక రోము దొర పేరట, ఆగస్టు ఇంకో దొర పేరట అంది. మనం రోజూ వాళ్ల పేర్లు పలుకుతూ బతుకుతున్నామని ఎప్పుడైనా అనుకున్నావా అంది. మర్నాడు పొద్దున క్యాలెండరు తీసి తలుపు వెనక తగిలించాను. ఎండ పడి రంగు పోతోందని చెప్పాను. ఆ గోడకు ఎండ రాదు.

నాకు సున్నం కలిపేవాడు మా బావమరిది, ఆవిడ తమ్ముడు. నలభై అయిదేళ్లు వచ్చినా పుల్లవిరుపు మాటలు పోలేదు. నేను కొట్టు వైపు చూడటం అతను చూసేవాడు. "బావా, మట్టం గోడకు పెట్టి చూస్తారు, నువ్వు టైలరు కొట్టుకి పెడుతున్నావు" అన్నాడొకసారి. టైలరు ఆమెని చెల్లెమ్మా అని పిలుస్తాడు కదా, ఆ లెక్కన నాకూ ఒక అన్న దొరికాడు, నీకు ఇంకో బావమరిది దొరికాడు, సంతోషించు అన్నాడు.

నిజమే. చెల్లెమ్మా అనే పిలిచేవాడు. నన్ను బావగారూ అనేవాడు. ఇంకో రకంగా పిలిచి ఉంటే వెళ్లి గల్లా పట్టుకునేవాణ్ణి. వరస కలిపి నా కోపానికి ఉన్న ఒక్క దారీ మూసేశాడు. తప్పు మాట లేదు, తప్పు చూపు లేదు. నాకు మండింది ఆమె నవ్వుకి. మొహం పైకెత్తి, సూది చేతిలోనే ఆపేసి, నోరంతా తెరిచి నవ్వేది. అలా నవ్వడం నేను పరంజా మీద నుంచే చూశాను. ఇంట్లో చూసి చాలా ఏళ్లయింది. ఎన్నేళ్లయిందో కూడా నేను గమనించలేదని అప్పుడు తెలిసింది.

రోము పెద్దమనుషులు ఒంటి మీద చుట్టుకునే పెద్ద గుడ్డకు కుట్టే ఉండదట. అది విని బావమరిది, మరి అక్కడ పుట్టి ఉంటే ఈ టైలరు ఆకలితో చచ్చేవాడన్నమాట అన్నాడు. అది నేను అనాల్సిన మాట. నాకు తోచింది కూడా. తోచేసరికి అందరూ నవ్వడం అయిపోయింది.

ఇటు ఏడు, అటు ఏడు లేచాయి. నెత్తి రాయి పెట్టే ముందురోజు ఇంట్లో భోంచేస్తుండగా ఆమె మళ్లీ మొదలుపెట్టింది. రోములో కమాను కింద చెక్కలు తీసేటప్పుడు, దాన్ని కట్టిన మనిషి దాని కిందే నిలబడాలట. పడితే వాడి నెత్తినే పడాలి. నిజమో కాదో గాని అలా అంటారట అని చెప్పి, కంచంలో చెయ్యి ఆపి నా వైపు చూసింది.

"నువ్వయితే నిలబడతావా?" అంది.

నేను నమిలేది మింగాను. కమాను కింది చీలలు కొట్టేది ఎవరనుకుంటోంది ఈమె. అచ్చు కాళ్ల కింద ఎదురెదురుగా దూర్చిన చెక్క చీలలుంటాయి. వాటిని కొట్టి వదులు చేస్తేనే అచ్చు కిందికి దిగుతుంది. కొట్టాలంటే కిందే నిలబడాలి. పెళ్లయిన ఏడాది నుంచీ ప్రతి కమాను కిందా నేనే నిలబడ్డాను. ఎన్నిసార్లో లెక్క లేదు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పడుకున్నాను. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు పేరు తెలియని రోమువాడెవడో నిలబడ్డాడని టైలరు చెప్తే, ఈమె చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నీళ్లియ్యి" అన్నాను.

నెత్తి రాయి రోజు బజారు సగం అక్కడే ఉంది. రాయిని కింద చెక్కి, గొలుసు కప్పీతో పైకి లాగి, సందులో దింపాలి. సందు కొలత తీసుకుని రాయి చెక్కుతున్నాను. సగం పనిలో ఉండగా టైలరు కత్తెర చేత్తోనే పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. వెనక మా ఆవిడ. అతను నన్నేమీ అనలేదు, మర్యాదగానే నిలబడ్డాడు. కానీ చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. రోమువాళ్లు సున్నం లేకుండా రాయికి రాయి ఆనించేవాళ్లట, మధ్యలో వెంట్రుక పట్టేది కాదట. జనం ఆహా అన్నారు. మా ఆవిడ నా చేతుల వైపు చూసింది.

వెంట్రుక పట్టదా, సరే అనుకున్నాను. అలాంటి పనిలో నాలుగు దెబ్బలు కొట్టి ఒకసారి కొలత పెట్టాలి. ఆ రోజు నేను కొలత పెట్టకుండా కొట్టాను. చెయ్యి బాగా ఆడుతోంది. అందరూ చూస్తున్నారు, ఆమె చూస్తోంది. ఉలి తగిలినచోటల్లా రాయి వెన్నలా ఊడివచ్చింది. ఆపేసరికి ఎక్కువ ఊడింది.

పైకి లాగి దింపినప్పుడు తెలిసింది. ఒక పక్క వేలెడు సందు. వెంట్రుక కాదు, వేలు.

అలాంటప్పుడు రాయి కిందికి దించేసి, ఇంకోటి తెచ్చి మళ్లీ చెక్కాలి. నాలుగు రోజుల పని. పని నేర్చుకున్న మొదటి ఏడే నేర్పుతారు ఆ మాట. నేను కిందికి చూశాను. టైలరు మొహం పైకెత్తి ఉన్నాడు. ఆమె మొహం పైకెత్తి ఉంది. నేను బావమరిదిని సున్నం అందించమన్నాను. రాతి చిప్పలు ఏరి ఆ సందులో కూరి, సున్నంతో నింపి, పైన నున్నగా తాపీ లాగాను. కింద నుంచి చూస్తే ఏమీ తెలియదు. చప్పట్లు కొట్టారు. మా ఆవిడ కూడా కొట్టింది. బావమరిది మాత్రం సున్నం తట్ట కింద పెట్టి ఒకసారి నా వైపు చూశాడు. నన్ను ఏడిపించకుండా ఊరుకున్నది ఆ ఒక్క రోజే.

సున్నం గట్టిపడటానికి మూడు వారాలు వదిలాం. రాళ్లు అచ్చు మీదే ఉన్నాయి. మధ్యలో మనుషులు నడవడానికి చిన్న దారి ఉంది. అచ్చు ఉన్నంతవరకు పిడుగు పడ్డా ఏమీ కాదు. ఆ సంగతి నాకన్నా తెలిసినవాడు లేడు. అయినా మర్నాడు పొద్దున ఇద్దరం పనికి వెళ్తుంటే గేటు దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఇటు నుంచి పోదాం అని పక్క సందులోకి తిప్పాను. ఆ సందు గోదాముల వెనక నుంచి తిరిగి తిరిగి వస్తుంది, రెండింతల నడక. ఆమె ఏమిటని అడగలేదు. ఆ మర్నాడూ సందే. ఆ పై మర్నాడూ సందే.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని. కమాను పక్క గోడలు పూస్తూ, పరంజా మీద నుంచి గేటు కింద పోయే తలలు చూసేవాణ్ణి. కూరగాయలవాళ్లు, గంపలవాళ్లు, బడి సంచులు. చిప్పలు కూరిన రాయి అచ్చు తీయగానే పడదు. సున్నం పట్టుకుంటుంది. ఒక వాన చూస్తుంది, రెండు వానలు చూస్తుంది. ఆ తర్వాత ఎప్పుడో ఒక రోజు, ఎవరో ఒకరు కింద ఉండగా, చిప్ప నలుగుతుంది. ఆ ఎవరో ఒకరు రోజుకు రెండుసార్లు ఈ గేటు దాటేవాళ్లే అవుతారు. నా భార్య రోజుకు రెండుసార్లు దాటుతుంది.

ఇంత తెలిసి కూడా నోరు తెరవలేదు. తెరిస్తే టైలరు ముందు తెరవాలి. రోములో వెంట్రుక పట్టని చోట నేను వేలెడు సందు పెట్టానని అతని కొట్టులో చెప్పుకుంటారు. ఆమె వింటుంది. అది భోజనాల దగ్గరే గుర్తొచ్చేది. అన్నం సగంలో వదిలేసేవాణ్ణి. ఆమె కంచం తీసి కడిగేది. రోము సంగతులు చెప్పడం కూడా తగ్గించింది. నేను ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఏదో లెక్కపెడుతోందని నాకు తట్టలేదు. టైలరుతో అన్నీ మాట్లాడేశాక ఇంట్లో నాతో ఏముంటుందిలే అనుకున్నాను.

మబ్బులు పట్టాయి. వానలకు ముందే గేటు తెరవాలని మార్కెట్టు సూపర్‌వైజరు తొందరపెట్టాడు. అచ్చు తీసే రోజు గొడుగు పట్టుకుని తనే వచ్చాడు. తాడు కట్టి జనాన్ని అవతల నిలబెట్టారు. బావమరిదిని కూడా తాడు అవతలికి పొమ్మన్నాను. సుత్తి తీసుకుని ఒక్కణ్ణే కిందికి వెళ్లాను. పడితే నా మీదే పడాలి. ఆ రోమువాడి సంగతి నాకు అప్పుడు మొదటిసారి నచ్చింది.

మొదటి చీల దగ్గర వంగాను. పక్కన చెప్పుల చప్పుడు. మా ఆవిడ. తాడు కింద నుంచి దూరి వచ్చింది. భుజం మీద నీలం దారం ముక్క వేలాడుతోంది. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ కూడా తీయలేదు. వచ్చి నా పక్కన, నెత్తి రాయికి సరిగ్గా కింద నిలబడింది.

"నీకు ఇక్కడేం పని? అవతలికి పో" అన్నాను.

"నువ్వున్నావుగా."

"నేను కట్టినవాణ్ణి."

"కట్టినవాడి వంట వండేదాన్ని నేను" అంది. "నువ్వు కట్టినదాని కింద నిలబడటానికి నాకేం భయమయ్యా. కొట్టు."

ఆమె కమాను వైపు చూడలేదు. నా మొహం వైపే చూస్తోంది. బయటి నుంచి సూపర్‌వైజరు, ఏంటి ఆలస్యం, ఆవిణ్ణి పంపించి కొట్టవయ్యా అంటున్నాడు. నేను సుత్తి చీల మీద ఆనించాను. చీల మీద చెక్క పొర ఒకటి లేచి ఉంది, అది ఇప్పటికీ నాకు కళ్లముందు కనబడుతుంది. సుత్తి తీసి నేల మీద పెట్టాను.

"నెత్తి రాయి తప్పు" అన్నాను.

సూపర్‌వైజరుకి వినబడలేదు. ఏంటి అన్నాడు. నేను బయటికి వచ్చి, తాడు దగ్గర నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాను. "రాయి ఎక్కువ చెక్కాను. చిన్నదైపోయింది. సందులో చిప్పలు కూరి సున్నం పూశాను. అచ్చు తీయకూడదు. రాయి మార్చాలి."

అన్ని మాటలు నేను వరసగా అనడం తన జన్మలో మొదటిసారి విన్నానని తర్వాత బావమరిది అన్నాడు. అక్కడ ఎవరూ నవ్వలేదు. సూపర్‌వైజరు గొడుగు మూసి, తెరిచి, మళ్లీ మూశాడు. తర్వాత తిట్టాడు. తిట్టాల్సినవే తిట్టాడు. మార్కెట్టు వెనక ప్రహరీ పని నాకే ఇస్తానన్నవాడు, ఇక ఇవ్వనన్నాడు. నేను తల ఊపాను. టైలరు తాడు అవతల నిలబడి ఉన్నాడు. నోరు మూసుకుని ఉంది. అతని నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. మామూలు మనిషిలాగే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ గేటు దగ్గరికి రాగానే అలవాటుగా సందు వైపు తిరిగాను. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

"మూడు వారాల నుంచి గోదాముల చుట్టూ తిప్పుతున్నావు. నా కాళ్లు అరిగిపోయాయి. ఇక చాలు" అంది.

తెలిసే వచ్చి నిలబడ్డావా అని అడిగాను. ఏం తప్పో తెలీదు, తప్పని మాత్రం తెలుసు అంది. అడగొచ్చుగా అన్నాను. అడిగితే చెప్తావా అంది.

కొంచెం దూరం నడిచాక, అసలెందుకు కూరావు అని అడిగింది.

"నువ్వు చూస్తున్నావని" అన్నాను.

ఆమె ఇంకా ఏదో వస్తుందని ఆగింది. రాలేదు. రాకపోయినా ఆమెకు అందింది. పిచ్చి మొహం అంది. ఇంటి దాకా చెయ్యి మాత్రం వదల్లేదు.

పాత రాయి దించాం. కొత్త రాయి తెచ్చి గేటు పక్కనే చెక్కడానికి కూర్చున్నాను. నాలుగు దెబ్బలు, ఒక కొలత. మళ్లీ నాలుగు దెబ్బలు. రెండో రోజు మధ్యాహ్నం టైలరు రెండు గ్లాసుల టీ పట్టుకుని వచ్చి నా ఎదురుగా రాళ్ల మీద కూర్చున్నాడు. వెనకే మా ఆవిడ కాజాల పని ఒళ్లో వేసుకుని వచ్చి ఓ పక్కన కూర్చుంది. మళ్లీ రోము మొదలవుతుందనుకున్నాను.

అతను ఒక గ్లాసు నా పక్కన పెట్టాడు. తర్వాత, మెల్లగా, చిప్పలు పెడితే ఏమవుతుంది బావగారూ అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను చెప్పాను. బరువు రాయి మొహమంతా పరుచుకుని దిగాలి. చిప్ప ఉన్నచోట అంతా దాని మీదే పడుతుంది. చిప్ప నలుగుతుంది. అది నలిగితే రాయి జారుతుంది. రాయి జారితే పక్కవాటికి పట్టు పోతుంది. పదిహేనూ కిందికొస్తాయి. అతను టీ చల్లారబెట్టుకుని విన్నాడు. వెంట్రుక సంగతి నేను పుస్తకంలో చదివాను, ఇది అందులో లేదు అన్నాడు. ఆ తర్వాత అతనికి తన బాధ గుర్తొచ్చింది. అంత గట్టిగా కట్టిన రాజ్యం ఎలా పోయి ఉంటుందో, ఆ పేజీలు కాలర్లకు పోయాయి కదా అన్నాడు.

"ఏముంది, ఎవడో ఒకడు సందులో చిప్పలు కూరి ఉంటాడు" అన్నాను. "పెళ్లాం చూస్తోందని."

మా ఆవిడ నవ్వింది. సూది చేతిలోనే ఆపేసి, మొహం పైకెత్తి, నోరంతా తెరిచి. పరంజా మీద నుంచి కాదు, రెండు మూరల దూరం నుంచి చూశాను. పై వరసలో ఒక పన్ను లేదు. ఎప్పుడు పోయిందో నాకు తెలీదు.

రెండు రోజుల్లో ఆ మాట బజారంతా తిరిగింది, టైలరు అన్న మాటగా. నేను సరిదిద్దలేదు. మండింది, అంతే.

కొత్త రాయి సందులో దింపినప్పుడు అది తనంతట తనే కూర్చుంది. సుత్తి కూడా పెద్దగా అక్కర్లేకపోయింది. మళ్లీ మూడు వారాలు ఆగాం. మధ్యలో వానలు మొదలయ్యాయి. పొద్దునా సాయంత్రం ఇద్దరం ఆ గేటు కింద నుంచే నడిచాం. ఆ ఇరుకు దారిలో ఇద్దరం పక్కపక్కన పట్టం కనుక ఆమె ముందు, నేను వెనక. ఇంట్లో క్యాలెండరు పాత చోటికే తెచ్చి తగిలించాను. జూలై నడుస్తోంది. ఆ దొరది.

అచ్చు తీసే రోజు సన్నటి జల్లు. సూపర్‌వైజరు గొడుగు కింద ఉన్నాడు. బావమరిది తాడు పట్టుకున్నాడు. నేను సుత్తి తీసుకుని కిందికి వెళ్లాను. మొదటి చీల దగ్గర వంగి, ఒకసారి పక్కకు చూశాను. ఎవరూ రాలేదు. నిలబడి ఎదురు కొట్టు వైపు చూశాను. టైలరు గుమ్మంలో ఉన్నాడు, కత్తెర చేతిలోనే ఉంది, నోరు తెరిచి నా నెత్తిమీదికే చూస్తున్నాడు. అతని కాళ్ల దగ్గర పీట మీద మా ఆవిడ కూర్చుని ఉంది.

కొట్టాను. ఇటు ఒకటి, అటు ఒకటి. చివరి చీల ఊడినప్పుడు అచ్చు వేలెడు దిగింది. పైన రాళ్లు ఒక్కసారి సర్దుకున్నాయి. పెద్ద చప్పుడేం కాదు, పడుకున్న మనిషి పక్కకు తిరిగినట్టు. సందుల్లోంచి కొంచెం సున్నం పొడి నా మెడ మీద రాలింది. తర్వాత ఏమీ లేదు. వాన చప్పుడు.

జనం ఏదో అన్నారు. టైలరు కత్తెర పైకెత్తి ఊపాడు.

ఆమె తల ఎత్తలేదు. సూదిని వెలుతురుకి పెట్టి, ఒక కన్ను మూసుకుని, దారం ఎక్కిస్తోంది.